చెప్పిన కథ ఎవరిది? – పాడ్‌కాస్టులు, మా సంఘం అనుభవం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



ప్రతి సంవత్సరం మహాసభలో ఒక సంఘం తన అనుభవం చెప్పడం మన ఆనవాయితీ. పోయినసారి పాడి బర్రెల గురించి విన్నాం. అంతకుముందు పిండి గిర్ని గురించి విన్నాం. ఈసారి మమ్మల్ని అడిగితే పాడ్‌కాస్ట్ గురించి చెప్తామన్నాం. అదేం పంట అని నవ్వకండి, మేము కూడ మొదట అట్లనే అడిగినం. ఇందులో మాకు జరిగిన మేలు ఉంది. మా చేతులార చేసిన ఒక తప్పు కూడ ఉంది. మీరు కూడ ఫోన్లలో మాటలు రికార్డు చేస్తున్నారు కాబట్టి రెండూ చెప్పాలనుకున్నాం.

మా ఊరు బీడీల ఊరు. మా సంఘంలో 12 మందిమి సభ్యులం, అందులో తొమ్మిది మందిమి బీడీలు చుడతాం. పొద్దటి వంట అయినంక ఒకే అరుగు మీద చాటలు ముందర పెట్టుకొని కూర్చుంటాం. బీడీలు చేసేటోళ్లకు తెలుసు, చేతులు ఖాళీ ఉండవు, కండ్లు ఆకు మీది నుంచి లేవవు. టీవీ చూస్తే ఆకు పాడైతది. పేపరు పట్టుకుందామంటే చేయి లేదు. ఖాళీగ ఉండేవి చెవులే.

పోయిన వానాకాలంలో మా సభ్యురాలి బిడ్డ సెలవులకు ఇంటికి వచ్చింది. డిగ్రీ చదువుతున్న పిల్ల. తల్లికి ఆకు కత్తిరించి ఇస్తూ చెవుల్లో వైర్లు పెట్టుకొని కూర్చున్నది. గంట గడిచినా తల ఎత్తలేదు. ఒకసారి కండ్లు కూడ తుడుచుకున్నది. "ఏం వింటున్నవే, పాటలా?" అని అడిగాం. "పాటలు కావు చిన్నమ్మా, పాడ్‌కాస్ట్. నిజంగ జరిగిన సంగతి" అన్నది.

ఆ పిల్ల చెప్పినదాన్ని బట్టి మాకు అర్థమైంది ఇది. పాడ్‌కాస్ట్ అంటే రేడియో లాంటిదే. కానీ రేడియోలో కార్యక్రమం వచ్చే టైముకు మనం పోయి కూర్చోవాలి. ఇది మనకు తీరినప్పుడు వినవచ్చు. మధ్యలో పిల్లవాడు ఏడిస్తే ఆపుకోవచ్చు, తెలియకుంటే వెనక్కి పోయి మళ్లీ వినవచ్చు. పాటలు వినే ఐపాడ్ అనే చిన్న యంత్రం ఒకటి ఉండేది. దాని పేరులో ముక్కకు, ప్రసారం అని అర్థం వచ్చే బ్రాడ్‌కాస్ట్ అనే మాటలో ముక్క అతికించి 2004లో ఒక పాత్రికేయుడు ఈ పేరు రాశాడట. పెద్ద స్టేషను అక్కరలేదు. ఫోను, కొంచెం నిమ్మళమైన చోటు, చెప్పడానికి ఒక సంగతి ఉంటే చాలు.

ఆ పిల్ల వింటున్నది ఇంగ్లీషులో ఉంది. రోజుకు ఒక భాగం విని, తెల్లారి అరుగు మీద మాకు తెలుగులో చెప్పేది. ఆ కథ మీకు కూడ కొంచెం చెప్తాం.

ఆస్ట్రేలియా దేశంలో సిడ్నీ అనే నగరం. అక్కడ సముద్రం పక్కన లినెట్ డాసన్ అనే ఆమె ఉండేది. నర్సుగ చేసింది, తర్వాత మన అంగన్‌వాడీ లాంటి పసిపిల్లల కేంద్రంలో పని చేసేది. వయసు 33. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి నాలుగేండ్లు, చిన్నదానికి రెండేండ్లు. భర్త క్రిస్ డాసన్ పేరున్న రగ్బీ ఆటగాడు, హైస్కూల్లో ఆటల మాస్టారు. 1982 జనవరిలో లినెట్ కనబడకుండ పోయింది. ఆమే ఇల్లు విడిచి పోయింది, కొన్నాళ్లు ఒంటరిగ ఉంటనన్నది అని భర్త చెప్పాడు. పోలీసులకు చెప్పింది మాత్రం ఆరు వారాల తర్వాత. ఆయన బడిలో చదివి, ఆ ఇంటికి పిల్లలను చూసుకోవడానికి వచ్చిపోయే ఒక అమ్మాయి ఉండేది. ఇరవై ఏండ్లు కూడ నిండలేదు. లినెట్ పోయిన కొద్ది రోజులకే ఆ అమ్మాయి ఆ ఇంట్లోకి వచ్చి ఉన్నది.

ఏండ్లు గడిచాయి. 2001లో ఒకసారి, 2003లో ఇంకోసారి, మరణాల మీద విచారణ చేసే అధికారులు ఆమె చనిపోయిందని, తెలిసిన మనిషి మీదనే హత్య కేసు పెట్టాలని చెప్పారు. ప్రభుత్వ లాయర్లు సాక్ష్యం చాలదన్నారు. ఆ సంగతి అక్కడ ఆగిపోయింది.

2018లో హెడ్లీ థామస్ అనే పాత్రికేయుడు దీని మీద పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాడు. దాని పేరు 'టీచర్స్ పెట్'. మాస్టారికి ముద్దుల పిల్ల అని అర్థం. ఆమె తోడబుట్టినవాళ్లు, ఇరుగుపొరుగువాళ్లు, పాత స్నేహితులు తమ గొంతుతో తాము చెప్పారు. వింటున్న జనంలో కొందరికి పాత సంగతులు యాదికొచ్చాయి. వాళ్లు ముందుకు వచ్చి చెప్పారు. అవి తర్వాతి భాగాలలో చేరాయి. ప్రపంచం మొత్తం మీద కోట్లసార్లు విన్నారట. ఆ సంవత్సరం డిసెంబరులో భర్తను అరెస్టు చేశారు. 2022 ఆగస్టు 30న కోర్టు ఆయనను హంతకుడని తేల్చి, తర్వాత 24 ఏండ్ల జైలు వేసింది. లినెట్ శవం ఎక్కడా దొరకలేదు.

ఆ చివరి భాగం విన్న రోజు మా అరుగు మీద పని సాగలేదు. మాలో పెద్దామె ఒకరు, బడి ముఖం చూడనామె, ఒక మాట అన్నది. "ఇద్దరు పసిపిల్లలను ఇడిసి ఏ తల్లి పోతది? గీ మాట గప్పుడే ఎవలన్న గట్టిగ అడగద్దా?"

అడిగినవాళ్లు ఉన్నారు. ఆమె సొంతవాళ్లు అడుగుతూనే ఉన్నారు. వినేటోళ్లు లేరు. పాడ్‌కాస్ట్ వల్ల వినేటోళ్లు దొరికారు. మాకు తెలిసిన మొదటి మార్పు ఇది.

ఇందులో ఇంకో పక్క కూడ ఉంది. ఆ దేశంలో పెద్ద కేసులకు మామూలు జనంలోంచి 12 మందిని ఏరి కూర్చోబెడతారు. జ్యూరీ అంటారు. తప్పు చేశాడా లేదా అని వాళ్లే చెప్పాలి. కానీ అప్పటికే జనం చెవుల్లో ఈ కథ ఉంది. అందుకని 2019లో విచారణ పాడుకాకూడదని ఆ పాడ్‌కాస్ట్‌ను ఆస్ట్రేలియాలో వినబడకుండ తీసేశారు. చివరికి జ్యూరీ లేకుండ ఒక్క జడ్జిగారే విచారణ చేశారు. మేము మొదట "పాడ్‌కాస్టే శిక్ష వేయించింది" అనుకున్నాం. పిల్ల ఒప్పుకోలేదు. "జనాన్ని మళ్లీ కదిలించింది పాడ్‌కాస్ట్, కానీ శిక్ష వేసింది కోర్టులో నిలబడ్డ సాక్ష్యం పెద్దమ్మా" అన్నది. చెవికి విన్నదంతా రుజువు కాదని మాకు అప్పుడు తెలిసింది.

మనకు కథలు కొత్త కాదు. మన ఊర్లలో ఒగ్గుకథ విని పెరిగినం. కథ చెప్పే ఆయన మన ముఖాలు చూసుకుంటనే చెప్తాడు. ఏడ్చేకాడ ఆగుతాడు, నిద్ర వచ్చేకాడ డోలు కొట్టిస్తాడు. ఆ కథ చివర ఏమైతదో చెప్పేటాయనకు తెలుసు, వినే మనకూ తెలుసు. పాడ్‌కాస్టులో అట్ల లేదు. సంగతి ఇంకా జరుగుతుండగనే చెప్తారు. చెప్పే మనిషే "నాకు కూడ అనుమానంగ ఉంది" అంటాడు. వినే మనిషి ముఖం చెప్పే మనిషికి కనబడదు.

మా అత్తల కాలంలో ఇంకో పద్ధతి ఉండేది. మగవాళ్లు గల్ఫ్ పోయేవాళ్లు. ఇంట్లో ఆడవాళ్లకు ఉత్తరం రాయరాదు. అందుకని క్యాసెట్లో మాటలు నింపి, ఊరికి వచ్చేవాళ్ల చేతికి ఇచ్చి పంపేవాళ్లు. ఇక్కడినుంచి మళ్లీ అట్లనే పోయేది. "బర్రె ఈనింది, నాయనకు పానం మంచిగ లేదు, పైసలు ముట్టినయి" అని. ఆ క్యాసెట్లో గొంతు దూరం పోయేది కానీ ఒక ఇంటినుంచి ఒక మనిషికే పోయేది. ఇప్పుడు ఒక్క వేలుతో వందమందికి పోతున్నది. ఈ తేడా మాకు ముందే అర్థమై ఉంటే ఈ రోజు మేము చెప్పబోయే తప్పు జరిగేది కాదు.

అది చెప్పేముందు మన తెలంగాణ ఆడవాళ్లు చేసిన ఒక పని చెప్పాలి. సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్ దగ్గర మాచునూర్ అనే ఊరు ఉంది. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఉన్నాయి. ఎక్కువ మంది దళిత అక్కలు, చిన్న రైతులు, కూలీలు. తమ విత్తనాల గురించి, జొన్న, కొర్ర పంటల గురించి, పండుగల గురించి, పాటల గురించి తమ మాటలు తామే రికార్డు చేసుకున్నారు. రేడియో నడపడానికి అప్పట్లో అనుమతి లేదు. అందుకని టేపుల్లో నింపి సంఘాలలో పెట్టుకొని విన్నారు. గాలిలో పోయే తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. స్వచ్ఛంద సంస్థలు కూడ రేడియో పెట్టుకోవచ్చని 2006లో ప్రభుత్వం ఒప్పుకున్నది. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. 90.4 ఎఫ్.ఎం. ఆ 1995 తీర్పు చెప్పినవారిలో ఒకరైన జస్టిస్ పి.బి.సావంత్ గారే వచ్చి ప్రారంభించారు. నడిపింది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు అక్కలు. రాత్రి పూట, పనులు చేసుకొని ఇంటికి వచ్చిన టైముకు, వాళ్ల యాసలో వాళ్ల మాట వచ్చేది.

ఈ సంగతి తెలిసినంక మా ధైర్యం పెరిగింది. వాళ్లు టేపుతో చేసిన పని మనం ఫోనుతో ఎందుకు చెయ్యొద్దు అనుకున్నాం. మీటింగులో తీర్మానం రాసుకున్నాం. నెలకు ఒక్క సభ్యురాలు, తన బతుకులో నిజంగ జరిగిన ఒక సంగతి, పది నిమిషాలకు మించకుండ చెప్పాలి. పిల్ల రికార్డు చేసి, దగ్గు, కుక్కల అరుపు తీసేసి మా గ్రామ సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాలి.

మొదటి నెల ఒక అక్క, వారం వారం కిస్తు కట్టే ప్రైవేటు అప్పులోంచి ఎట్ల బయటపడ్డదో చెప్పింది. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు, దాన్ని తీర్చడానికి మూడోది. అదే సంగతి మా మినిట్స్ పుస్తకంలో ముందే ఉంది. "సభ్యురాలు ప్రైవేటు అప్పు తీర్చినది" అని ఒక్క వరుస. ఆ వరుస చదివి ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె గొంతు విన్నంక ముగ్గురు ఆడవాళ్లు వేరే వాడల నుంచి వచ్చి "మాకు కూడ గట్లనే ఉన్నది, ఏం జెయ్యాలె?" అని అడిగారు. ఇద్దరు ఇప్పుడు మా పక్క సంఘంలో చేరారు. రెండో నెల ఒక వదిన, గర్భసంచి ఆపరేషన్ చేయించుకోవాలని ఒకచోట చెప్పినా ఇంకో డాక్టరమ్మకు చూపించుకొని మందులతో తగ్గించుకున్న సంగతి చెప్పింది. అది విని నలుగురు తొందరపడకుండ ఇంకో డాక్టరుకు చూపించుకున్నారు. చదువు రాని ఆడది కూడ తన కథ తానే చెప్పవచ్చు, చదువు రాని ఇంకో ఆడది వినవచ్చు. ఇది మాకు జరిగిన మేలు.

ఇగ తప్పు సంగతి. ఇది చెప్పేముందు ఆ అక్క ఇంటికి పోయి అడిగాం. "నా పేరు వద్దు, బిడ్డను ఇచ్చిన ఊరు వద్దు. మిగిలింది చెప్పుండ్రి, ఇంకో సంఘంల గిట్ల కావద్దు" అన్నది. ఆమె చెప్పుమన్నంత వరకే చెప్తున్నాం.

మూడో నెల ఆ అక్క వంతు. ఆమె భర్త దుబాయిలో కూలి పని. బిడ్డ పెండ్లికి ఐదు తులాలు పెడతామని ఒప్పుకున్నారు. మూడు తులాలకే పైసలు సరిపోయినయి. అడగడానికి మనిషి ఊర్లో లేడు. పెండ్లి ఆగొద్దని మిగిలిన రెండు తులాల గొలుసు గిల్టుది వేసింది. తర్వాత రెండేండ్లు బీడీల పైసలు కూడబెట్టి, సంఘంలో అంతర్గత అప్పు తీసుకొని అసలు గొలుసు చేయించింది. బతుకమ్మ పండుగకు బిడ్డ వచ్చినప్పుడు ఎవరికీ తెలియకుండ మార్చింది. "నా బిడ్డ మెడల గిల్టు ఉన్నన్ని దినాలు నాకు తిండి సయించలె. అసలుది ఏసిన్నాడు కడుపునిండ తిన్న" అని నవ్వుకుంట చెప్పింది. మేము కూడ నవ్వినం. కొందరం ఏడ్చినం కూడ.

రికార్డు చేసుకోవచ్చా అని ముందే అడిగాం. "పెట్టుకోండ్రి" అన్నది. సంఘం అప్పు ఎంత పనికొచ్చిందో చెప్పడానికి ఇంతకన్న మంచి కథ ఏముందని మురిసిపోయి ఆ రాత్రే గ్రూపులో పెట్టాం. గ్రూపులోంచి ఎవరో వాళ్ల చుట్టాలకు పంపారు. వాళ్లు ఇంకొకరికి పంపారు. పది రోజుల్లో అది బిడ్డ అత్తగారి ఫోనుకు చేరింది. దుబాయిలో భర్త ఉండే గదికి కూడ చేరింది. పదిమంది ఉండే గది అది. తోటివాళ్లు వింటుంటే ఆయన విన్నాడు.

"మమ్మల్ని మోసం చేసినరు" అని అత్తగారు బిడ్డను తెచ్చి తల్లిగారింట్లో దింపి పోయింది. భర్త "నా ఇజ్జత్ తీసినవ్" అని ఫోను పెట్టేసి నెల రోజులు మళ్లీ చెయ్యలేదు. అక్క మీటింగుకు రావడం మానేసింది. పొదుపు పైసలు పక్కింటి పిల్లవాడితో పంపేది.

మేము పోయి కూర్చుంటే చానా సేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది: "నేను మీకు జెప్పిన. మీరు పన్నెండు మంది నా కష్టం ఎరిగినోళ్లు. మీరు నవ్వితే నేను నవ్విన. గదే నవ్వు మా వియ్యపురాలికి ఎట్ల వినబడ్డదో తెలుసా? వాళ్లను జూసి నవ్వినట్టు వినబడ్డది."

మాకు నోట మాట రాలేదు. ఒక్క మాట కూడ మార్చలేదు. ఆమె గొంతే, ఆమె నవ్వే. వినే చెవి మారేసరికి అదే నిజం ఇంకో తీరుగ వినబడ్డది. మా అరుగు మీద ధైర్యం అనిపించింది అక్కడ మోసం అయింది.

ఎవరు ముందు పంపారో వెతుకుదామని కొందరన్నారు. వెతకలేదు. మొదట పంపింది మేమే. మేము అడగలేదు అని కాదు, సగమే అడిగాం. రికార్డు చెయ్యవచ్చా అని అడిగాం కానీ ఎవరెవరు వినవచ్చు అని అడగలేదు. అది కూడ పదిమంది ముందల మీటింగులో అడిగాం. పదిమంది ముందల వద్దు అనడానికి ఎవరికి నోరొస్తది?

మా సంఘం నుంచి నలుగురం, గ్రామ సంఘం అధ్యక్షురాలు, ఊరి పెద్దలు ఇద్దరు కలిసి బిడ్డ అత్తగారి ఊరికి పోయాం. కంసాలి ఇచ్చిన రసీదు చూపించాం. గొలుసు తూకం వేయించాం. తప్పు ఆ తల్లిది కాదు, మాది అని ఒప్పుకున్నాం. మూడుసార్లు పోతే, రెండు నెలలకు బిడ్డను తీసుకుపోయారు. వియ్యపురాలు మాత్రం ఇప్పటికీ ఈ గడప తొక్కలేదు.

ఆ రోజుల్లోనే పిల్ల మాకు ఇంకో పాడ్‌కాస్ట్ సంగతి చెప్పింది. అమెరికాలో 2014లో వచ్చిన 'సీరియల్'. సారా కేనిగ్ అనే ఆమె చెప్పింది. పాడ్‌కాస్ట్ అంటే ఏందో ప్రపంచంలో చానా మందికి దాని వల్లనే తెలిసిందట. 1999లో బాల్టిమోర్ నగరంలో హే మిన్ లీ అనే బడి పిల్ల హత్య అయింది. వయసు 18. అంతకుముందు ఆమెతో స్నేహంగ ఉన్న అద్నాన్ సయ్యద్ అనే అబ్బాయికి యావజ్జీవం పడ్డది. ఆ శిక్ష సరైనదేనా అని ఈ పాడ్‌కాస్ట్ అడిగింది. విన్నవాళ్లంతా ఎవరికి వాళ్లు తీర్పు చెప్పుకున్నారు. 2022లో కోర్టు ఆ శిక్షను కొట్టేసింది. ఆ రోజు చనిపోయిన పిల్ల తోడబుట్టినవాడు కోర్టులో మాట్లాడాడు. ఇది మీకు పాడ్‌కాస్ట్ కావచ్చు, నాకు మాత్రం నిజమైన బతుకు అని అర్థం వచ్చేటట్టు చెప్పాడు. తర్వాత పై కోర్టులు, ఆ కుటుంబానికి సరైన టైములో చెప్పకుండ, సరిగ్గ పిలవకుండ ఆ తీర్పు ఇచ్చారని దాన్ని రద్దు చేశాయి. 2024లో ఆ రాష్ట్రంలో అన్నిటికన్న పెద్ద కోర్టు కూడ అదే చెప్పింది. 2025లో ఆ అబ్బాయికి, ఇప్పటికి ఉన్న జైలు చాలని శిక్ష తగ్గించారు. నేరం మాత్రం ఆయన మీదనే ఉంది.

ఎవరు నేరం చేశారో చెప్పడం మన పని కాదు. మాకు ఆ తోడబుట్టినవాడి మాట తగిలింది. ఒక మనిషి కథలో ఆ మనిషి ఒక్కడే ఉండడు. తల్లి ఉంటది, తమ్ముడు ఉంటడు, వియ్యపురాలు ఉంటది. మనం విని, కండ్లు తుడుచుకొని, ఇంకో కథకు పోతాం. వాళ్లు అదే కథలో తెల్లారి లేచి బతకాలి. మా అక్క బిడ్డ కూడ అంతే. ఆమె గొలుసు గురించి మేము కథ చెప్పుకున్నాం, ఆమెను ఒక్క మాట అడగలేదు.

రికార్డులు బందు పెడదామని మాలో సగం మంది అన్నారు. నాలుగు మీటింగులు దీని మీదనే వాదన జరిగింది. చివరికి బందు పెట్టొద్దు, పద్ధతి పెట్టుకుందాం అనుకున్నాం. పొదుపుకు, అప్పుకు, పుస్తకాలకు మనకు సూత్రాలు ఉన్నాయి కదా, అట్లనే దీనికి ఐదు రాసుకున్నాం.

ఒకటి. మీటింగులో అడగొద్దు. ఆమె ఇంటికి పోయి, ఒక్కదాన్నే ఉన్నప్పుడు అడగాలి. వద్దంటే ఎందుకని అడగొద్దు.

రెండు. ఎంత దూరం పోతదో చెప్పాలి. మన సంఘం వరకేనా, గ్రామ సంఘం వరకా, మండలం వరకా, ఊరు దాటవచ్చా. ఆమె చెప్పిన హద్దు పుస్తకంలో రాసి సంతకమో, వేలిముద్రో తీసుకోవాలి. ఊరు దాటవద్దంటే ఫోనులోంచి ఫోనుకు పంపనే వద్దు, మీటింగులో పెట్టి వినిపించాలి. మాచునూర్ అక్కలు టేపులు వినిపించుకున్నట్టు.

మూడు. అందరికన్న ముందు ఆమెకే వినిపించాలి. మన గొంతు మనకు వినబడితే గాని ఏం చెప్పామో మనకే తెలియదు. తీసెయ్యమన్న మాట తీసెయ్యాలి.

నాలుగు. కథలో ఇంకెవరున్నారో లెక్క చూసుకోవాలి. బిడ్డ, కోడలు, అల్లుడు, అప్పు ఇచ్చిన మనిషి. వాళ్లకు నష్టం అయ్యేది ఉంటే వాళ్లను కూడ అడగాలి, లేదంటే ఆ ముక్క వదిలెయ్యాలి. ఒక్కవైపు విని ఎవరినీ దొంగ, మోసగాడు అనొద్దు.

ఐదు. చెప్పిన రోజే పంపొద్దు. వారం రోజులు ఆగాలి. ఆ వారంలో ఆమె మనసు మారితే అక్కడికక్కడే చెరిపెయ్యాలి. పంపినంక చెరపడం ఎవరి చేతిలో లేదు.

ఈ పద్ధతి పెట్టుకున్నంక ఐదు కథలు రికార్డు చేశాం. రెండు మాత్రమే ఊరు దాటాయి. ఒకటి సంఘంలోనే ఉంది. ఒకటి చెప్పిన చెల్లె విని, ఇంటికి పోయి, నాలుగో రోజు వచ్చి తీసెయ్యమన్నది. మా అందరి ముందల చెరిపేశాం. అది చానా మంచి కథ. అయినా ఆమెది. ఐదోది ఇంకా వారం నిండలేదు.

సమాఖ్యను మేము అడిగేది ఒక్కటి. ఇప్పుడు ప్రతి సంఘంలో స్మార్ట్ ఫోను ఉంది. విజయగాథలు పంపండి, వీడియోలు పంపండి అని పైనుంచి మనల్ని అడుగుతారు. అడగడం తప్పు కాదు. కానీ మన అక్కల కష్టాలు పైకి పంపేముందు ఈ ఐదు మాటలు మండలం మొత్తానికి తీర్మానంగ పెట్టుకుందాం. తక్కువైన మాటలుంటే మీరు చేర్చండి. మా సంఘం తప్పు చేసి నేర్చుకున్నది. మీరు తప్పు చెయ్యకుండ నేర్చుకోవచ్చు.

ఆ అక్క ఏమైంది అని మీరు అడుగుతారు. నాలుగు నెలల తర్వాత మీటింగుకు వచ్చింది. వచ్చి కూర్చొని, కిస్తు కట్టి, చుట్టూ చూసింది. అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. ఏమీ అనలేదు. మాలో పెద్దామె లేచి తన చాట తెచ్చి మధ్యలో పెట్టింది, ముందు తన ఫోను అందులో వేసింది. ఒక్కొక్కరం అందరం వేశాం. పైన ఇంకో చాట మూతేసి పక్కింట్లో పెట్టి వచ్చాం. అప్పుడు ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది.

ఆ రోజు ఏం చెప్పిందో మేము ఇక్కడ చెప్పం. అప్పటినుంచి మా ప్రతి మీటింగు అట్లనే మొదలైతున్నది. ముందు చాట తిరుగుతది, తర్వాత పొదుపు పుస్తకం.